హారతి లేని సినిమా

పురాణం చదివేటప్పుడు చావు దగ్గర పుస్తకం మూయకూడదంటారు. ఎందుకు మూయకూడదన్న అనుమానం నాకు పెళ్ళి కాకముందు పుట్టింది. ఇప్పుడు మనవలు తిరుగుతున్న ఇంట్లో కూడా అది నాతోనే ఉంది.

మా ధర్మవరంలో రామమందిరంలో ఒకరు పద్యం చదివితే ఇంకొకరు దానికి అర్థం చెప్పడం ఆనవాయితీ. నేను అర్థం చెప్పేవాణ్ణి. పగలు మగ్గం మీద కూర్చుంటాను, ఏకాదశికీ శనివారాలకూ పురాణానికి కూర్చుంటాను. బడిలో చదివింది తక్కువే. మిగిలిందంతా మా అయ్యవారు పెట్టిన భిక్ష. యుద్ధం ముగిశాక తల్లులు బిడ్డల శవాలు వెదుక్కునే ఘట్టం ఒకటి వస్తుంది. "ఆడ మాత్రం ఆపొద్దురా గంగాధరప్పా. ఎంత పొద్దుపోయినా సరే పట్టాభిషేకం దాకా లాగి, హారతిచ్చి లెయ్యి. లేకుంటే విన్నోళ్ళ ఇండ్లకు అశుభం" అనేవారాయన. నేను అలాగే చేస్తూ వచ్చాను. కానీ హారతి పళ్ళెం జనంలో తిరుగుతున్నప్పుడల్లా ఒక మాట మనసులో మెదిలేది. పట్టాభిషేకం ఎవరికో జరిగింది. ఆ తల్లులు మాత్రం ఇంకా ఆ నేల మీదే ఉన్నారు. వాళ్ళను అక్కడే వదిలేసి మనం వడపప్పు తింటున్నామేమో. ఇది స్వామినే అడగాల్సిన మాట. అడిగే ధైర్యం రాలేదు.

పోయిన ఏడాది నా మేనకోడలు కావ్య హిందూపురం నుంచి వచ్చింది. అక్కడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. స్నేహితులతో కలిసి ఆదివారాలు ఒక్కో ఊళ్ళో పరదేశాల సినిమాలు వేస్తుంటుంది. టిక్కెట్టు ఉండదు.

"మామా, ఈసారి ఫిలిప్పీన్స్ దేశం సినిమా. చిన్న పిల్లోళ్ళు చందాలేసుకొని తీసినారు. అడిగితే ఊరికే చూపించుకోమన్నారు. కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి, మన పెద్దోళ్ళకు అవి చదివేది రాదు. నేను తెలుగులో రాసుకున్నా. నువ్వు పురాణానికి చెప్పినట్ల అర్థం చెప్పల్ల."

"దేవుని కథకు చెప్పే నోరు సినిమాకు చెప్పుతాదా?" అంది నా భార్య జయలక్ష్మమ్మ, నూలు చుడుతూ.

"అత్తా, ఇది డాన్సుల సినిమా కాదు. ఒక అవ్వ కథ" అంది కావ్య.

ఆ పిల్ల ఫోనులో చూపించింది. ఒకసారి చూసి, ఇంకోసారి చూశాను.

ఆ దేశంలో ఒకప్పుడు ఒక నియంత ఏలాడట. ఎదురు మాట్లాడిన వాళ్ళను ఇండ్లలో నుంచి ఎత్తుకుపోయేవారు. వాళ్ళు తిరిగి రాలేదు. నియంత పోయాడు. ఆయన కింద ఆ పని చేసిన వాళ్ళు మాత్రం పెద్దమనుషులై, తెల్ల చొక్కాలేసుకొని, పెండ్లిండ్లకు ముఖ్య అతిథులుగా పోతున్నారు. సినిమాలో నెనా అనే పిల్ల ఒక కంట్రాక్టరు దగ్గర గుమాస్తా. వాళ్ళ అవ్వ కొడుకు, అంటే నెనాకు పెదనాన్న, ఆ కాలంలో పోయినవాడే. అవ్వ రోజూ కొడుక్కి కంచం పెట్టి, చల్లారిన అన్నం తెల్లారి కోళ్ళకు వేస్తుంది. కంట్రాక్టరు ఒక ముసలి మేజరు ఇంట్లో ఈతకొలను తవ్విస్తాడు. తవ్వుతుంటే ఎముకలు బయటపడతాయి. వాటితోపాటు టెంకాయ చిప్పతో చేసిన చొక్కా గుండీ ఒకటి. కూలివాడు దాన్ని రహస్యంగా నెనాకు ఇస్తాడు. అలాంటి గుండీలు కొడుకు చొక్కాకు కుట్టింది వాళ్ళ అవ్వే. అక్కడి నుంచి ఆ పిల్లను ఒక మోటారు సైకిలు వెంటాడుతుంది. గుండీ ఇచ్చిన కూలివాడు కనబడకుండా పోతాడు. ఆఖరికి నెనా పరుగెత్తుకుంటూ పోయేసరికి గుంతలో కాంక్రీటు పోసేశారు. తరువాత ఆ కొలనులో నీళ్ళు నింపి, మేజరు మనవడి పుట్టినరోజు చేస్తారు. పిల్లలు కేరింతలు కొడుతూ నీళ్ళలోకి దూకుతారు. ఇంట్లో అవ్వ కంచం పెడుతుంది. గుండీని పిడికిట్లో బిగించి వచ్చిన నెనాను "చేతిలో ఏముందే?" అని అడుగుతుంది. "ఏమీ లేదవ్వా" అంటుంది నెనా. అంతే, సినిమా అయిపోతుంది.

మొదట పెనుకొండలో వేశారు. మధ్యాహ్నం, ఒక చిన్న పెండ్లి మండపంలో, కిటికీలకు జంపఖానాలు కట్టి చీకటి చేశారు. మా పురాణానికి వచ్చే ఆడవాళ్ళు తాడిమర్రి దారి పల్లె నుంచి బస్సులో వచ్చారు. వాళ్ళలో ఆదెమ్మ ఉంది, ఆమె పక్కింటి ఉలిగమ్మ ఉంది. ఆదెమ్మ మొగుడు నరసింహులును ఎమర్జెన్సీ నాడు ఒక జీపులో ఎక్కించుకుపోయారని మా వైపు అందరికీ తెలుసు. గోడల మీద కాగితాలు అంటించాడని ఒకరంటారు, ఎవరో పెద్దరైతుతో చేని గెట్టు తగాదా అని ఒకరంటారు. ఏ ఊరి జీపో ఎవరూ చెప్పలేదు. అప్పటికి ఆదెమ్మకు పెండ్లయి రెండో ఏడు, పిల్లల్లేరు. ఇప్పుడు డెబ్బైకి దగ్గర పడింది. బొట్టు తీయలేదు, తాళి తీయలేదు. రెండెకరాల చేను ఒంటిచేత్తో చేసుకుంటుంది. పేరంటానికి ఆమెను పిలవొచ్చా కూడదా అని ఊళ్ళో సణుగుడు వచ్చినప్పుడల్లా ముందు పోయి పిలిచేది ఉలిగమ్మ; తన మొగుడు పోయాక కోడలి చేత పిలిపించేది.

సినిమా మొదలయింది. కావ్య మాట చదువుతుంది, నేను అర్థం చెబుతాను. జనం పురాణంలో మాదిరే మధ్యలో మాట్లాడారు.

"ఆ మేజరు మూతి సూడు, మా ఊరి సొసైటీ ప్రెసిడెంటు మాదిరే ఉండాడు."

"వాండ్లు కూడా అన్నమే తింటారే! సంగటి లేదేమో పాపం."

మోటారు సైకిలు వెంటబడినప్పుడు అందరూ ఊపిరి బిగబట్టారు. "సందులోకి తిరుగమ్మీ, సందులోకి!" అని ఉలిగమ్మ లేచి నిలబడి అరిచింది. నీళ్ళలోకి పిల్లలు దూకారు. అవ్వ కంచం పెట్టింది. నెనా "ఏమీ లేదవ్వా" అంది. తెర నల్లబడింది.

ఎవరూ కదల్లేదు. అశుభం దగ్గర ఆగింది కథ. నా ఎదురుగా పసుపు కుంకాలతో వచ్చిన ఆడవాళ్ళున్నారు. నా నోరు అలవాటు ప్రకారం తెరుచుకుంది.

"ఆ తరువాత ఏమయిందంటే," అన్నాను, "ధర్మం ఊరుకుంటుందా తల్లీ? ఆ పిల్ల కోర్టుకు పోయింది. కొలను పగలగొట్టించింది. ఎముకలు తీయించి అవ్వ చేతికిచ్చారు. మేజరు జైలుకు పోయాడు. అవ్వ కొడుక్కి కర్మ చేసి, చల్లగా కండ్లు మూసింది. శుభం."

జనం ఒక్కసారిగా "అమ్మయ్య" అన్నారు. ఎవరో గోవిందా కొట్టారు. పోయేటప్పుడు ఆదెమ్మ నా దగ్గరకొచ్చి ఆగింది.

"ఎముకలు ఇచ్చినారా అప్పా ఆయమ్మకు? నిజంగా?"

"ఇచ్చినారక్కా" అన్నాను.

ఆ సాయంత్రం కావ్యతో హిందూపురం పోయాను. ఇంట్లో కాఫీ ఇచ్చి ఆ పిల్ల అడిగింది.

"మామా, ఆ కోర్టు యాడుండాది సినిమాలో?"

"చావు దగ్గర ఆపకూడదమ్మా. పద్ధతి."

"తీసినోళ్ళు ఆడ ఆపినారు. ఎందుకు ఆపినారు? ఆ దేశంలో బిడ్డల ఎముకలు దొరకని తల్లులు ఇంకా ఉండారు గాబట్టి. నువ్వు వాండ్లందరికీ కర్మలు చేయించేస్తివి."

"విన్నోళ్ళు కుశాలగా ఇండ్లకు పోయినారు గదమ్మా."

"మేజరు కూడా కుశాలే మామా" అంది కావ్య. "సినిమా చూసి జనం ఏమన్నారో రాయమని తీసినోళ్ళు అడిగినారు. ఏమని రాయల్ల? మీ మేజరును మా మామ జైల్లో పెట్టించినాడు అని రాసేదా?"

నవ్వాను. నవ్వినా ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది.

తరువాత ఏకాదశికి ఆదెమ్మ వాళ్ళ పల్లెకు పురాణానికి పిలిచారు. పోయేసరికి ఉలిగమ్మ గడప మీద కూర్చొని సెనక్కాయలు ఒలుస్తోంది. ఆదెమ్మ అరుగు మీద ఉంది. ఉలిగమ్మ నన్ను చూసి గొంతు పెంచింది.

"రాప్పా, నువ్వన్నా న్యాయం చెప్పు. దీని మొగుడు నా కాడ ఒక పడి రాగులు అప్పు తీసుకపోయినాడు. మనవండ్లు పుట్టినారు నాకు, రాగులు రాలే."

"ఆయన తీసుకపోయినాడు, ఆయనే తెచ్చిస్తాడు. నన్నడుగుతావేమే?" అంది ఆదెమ్మ, ఏటేటా చెప్పే మాటను చెప్పినట్టు.

"చూసినావా దీని పొగరు!" అని ఉలిగమ్మ నవ్వింది. ఆదెమ్మ కూడా నవ్వింది. జీపు వచ్చిన రోజుకు ముందురోజు సంగటికి పిండి లేక నరసింహులు తువ్వాల్లో పోయించుకున్న రాగులట అవి. అది వాళ్ళిద్దరి పాత పరిహాసం.

అప్పుడు ఆదెమ్మ నాతో అంది. "అప్పా, చేను అమ్ముతాండా. బేరగాడు రేపు బయానా తెస్తాడు."

"ఎందుకక్కా?"

"దారి పక్కన పూడిపోయిన బాయి ఉండాది. ఆ జీపు ఆడ ఆగిందని అప్పట్లో అనుకునేవాళ్ళు. ఆ దేశంలో తవ్వినారు గదా! నేనూ పెనుకొండ సర్కారు ఆఫీసుకు పోయినా. పాత సంగతి, కాగితం యాడుండాది అన్నారు. సరే, నేనే జేసీబీ పెట్టించి తవ్విస్తా. ఆ బాయి గలాయనకు దుడ్లిస్తానని ఒప్పిచ్చినా."

ఆ చేను తప్ప ఆమెకు ఇంకేమీ లేదు. అది పోతే తిండి పోయినట్టే. నా ఒక్క మాట మీద ఆమె చేను పోతోంది. అక్కడే, ఉలిగమ్మ ముందే, చెప్పేశాను.

"అక్కా, ఆ దేశంలో తవ్వలేదు. కోర్టు లేదు, జైలు లేదు. అంతా నేను కలిపి చెప్పినా. సినిమా ఆ పిల్ల 'ఏమీ లేదవ్వా' అనేదాంతో సరి."

ఆదెమ్మ అరుగు దిగి నా ఎదుట నిలబడింది. "నువ్వెవరప్పా కలిపేదానికి?"

"అశుభం వద్దని..."

"ఎవరికి? నాకా? నా ఇంటికి ఇంకా కొత్తగా రావల్సిన అశుభం ఏముండాదప్పా?"

ఉలిగమ్మ చేతిలో కాయలు అలాగే ఉన్నాయి, ఒలవడం ఆపేసింది.

"మళ్ళా చూపియ్యి" అంది ఆదెమ్మ. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. అది చూసి చేను సంగతి చెప్తా. బేరగాన్ని ఆదివారం దాటినాక రమ్మంటా."

కావ్యకు ఫోను చేశాను. ఆ పిల్ల నన్ను ఎత్తిపొడవలేదు. వచ్చే ఆదివారం ధర్మవరంలోనే వేద్దాం మామా అంది.

మా వీధిలో పట్టుచీరల అంగడి మీద మేడ గది ఉంది. అక్కడ తెర కట్టారు. మగ్గాల వాళ్ళు చాలామంది వచ్చారు. ఆదెమ్మ, ఉలిగమ్మ పల్లె నుంచి బస్సులో వచ్చి ముందు కూర్చున్నారు. పెనుకొండ సంగతి అప్పటికే పాకిపోయింది.

"ఏమప్పా గంగాధరప్పా, పెనుకొండోళ్ళకు మేజరును జైల్లో ఏసినావంట, మన ఊర్లో వదిలిపెడతావా?" అన్నాడు మా వీధి కుర్రాడు ప్రేమ్ కుమార్. "మాకేమన్నా తక్కువ చేస్తాండావా?"

"ఈపొద్దు నేను కలిపేది లేదబ్బా" అన్నాను.

సినిమా నడుస్తున్నంతసేపూ ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. అది ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది. అవ్వ కంచం పెట్టే చోట గొంతు నాకు తెలియకుండానే కీర్తన పాడే గొంతు అయిపోబోయింది. ఆపుకున్నాను. కాంక్రీటు పోశారు. పిల్లలు నీళ్ళలోకి దూకారు. అవ్వ అడిగింది. నెనా పిడికిలి విప్పకుండా "ఏమీ లేదవ్వా" అంది. తెర నల్లబడింది. "ఇంతే" అన్నాను.

జనానికి లేవాలో కూర్చోవాలో తెలియలేదు. పురాణమైతే హారతి వచ్చేది. ఎవరో తెలియక చేతులు జోడించి, మళ్ళీ దించుకున్నారు. కిటికీ జంపఖానా తీశారు, ఎండ లోపల పడింది. ఆ వెలుతురులో ఉలిగమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తోంది. అందరూ ఆదెమ్మ ఏడుస్తుందేమో అనుకున్నారు. ఆదెమ్మ కండ్లు పొడిగా ఉన్నాయి.

"ఆ పిల్ల చెయ్యి తెరిచి చూపించి ఉండల్ల" అంది ఆదెమ్మ, ఎవరితోనో అన్నట్టు. "పాపం, అవ్వను కాపాడుతాండా అనుకున్నాది. ఆ అవ్వ ఇంకెన్నాళ్ళు కంచం పెట్టల్ల?"

ఆ మాట వినగానే ఉలిగమ్మ లేచి మెట్ల వైపు పోయింది. ఏదో తేడాగా తోచి నేనూ, ఆదెమ్మా వెనకే పోయాం. ఉలిగమ్మ మెట్ల మీద చతికిలబడి, వచ్చిన ఆదెమ్మ చేయి పట్టుకుంది.

"ఆదీ, నన్ను కొట్టు."

"ఏమైందక్కా నీకు?"

"మా ఆయన చూసినాడే. ఆపొద్దు తెల్లారి నీళ్ళు మళ్ళించేదానికి పోతే కాలవ గట్టున చూసినాడు. నీ మొగుణ్ణి ఎత్తి జీపులో పెడతాండారు. ప్రాణం లేదే. తల వాలిపోయింది. ఈయన్ని పట్టుకొని, నోరు తెరిస్తే నీకూ ఇదే గతి అన్నారు. జీపు బాయి కాడ ఆగలే. నేరుగా పెద్ద రోడ్డెక్కి పోయింది, యాడికి పోయిందో తెలీదు. ఆయన చచ్చిపోయేముందు నాకు చెప్పినాడు."

ఆదెమ్మ మెట్టు మీద కూర్చుంది. కింద వీధిలో ఆటో ఒకటి ఆగకుండా హారను కొడుతోంది.

"మీ ఆయన పోయి ఇన్నేండ్లయె. నాకు ఎందుకు చెప్పకపోతివి?"

"చెబితే నీ బొట్టు నేనే తుడిచినట్టయితాది గదే! పేరంటానికి పిలిచిన చేత్తోనే ఎట్ల తుడుద్దును?" ఉలిగమ్మ వెక్కుతోంది. "అందుకే రాగులు అడుగుతా వస్తి. ఒకనాటికన్నా విసుక్కొని ఇచ్చేస్తావేమో, నువ్వే ఇచ్చేస్తే నీకు నువ్వే తెలుసుకున్నట్టు ఉంటాదని. నువ్వు 'ఆయనే ఇస్తాడు' అంటివి. ప్రతిసారీ అంటివి."

మా వైపు పద్ధతి ఒకటుంది. చేబదులు తెచ్చుకున్నవాడే తిరిగి ఇవ్వాలి. అతను పోతే మాత్రం పెద్దకర్మ లోపల ఇంట్లో వాళ్ళు తీర్చాలి. తీర్చారంటే పోయినట్టే లెక్క. అందుకే ఆదెమ్మ ఇవ్వలేదు, ఉలిగమ్మ అడగడం మానలేదు. ఇన్నేండ్లు నేను వాళ్ళ పరిహాసానికి నవ్వుతూ వచ్చాను, అర్థం చెప్పేవాణ్ణి అయి కూడా.

ఆదెమ్మ ఉలిగమ్మను తిట్టలేదు, కొట్టలేదు. ఒకటే అడిగింది. "ఆయన ఒంటి మీద చొక్కా ఉండెనా?"

"ఉండెనంట. నీలం చొక్కా."

"నీలందే" అంది ఆదెమ్మ. అప్పుడు ఏడ్చింది.

బేరగాణ్ణి రావద్దని ఆ సాయంత్రమే ఫోను చేయించింది. ఉలిగమ్మ చెప్పినదంతా కావ్య చేత కాగితం మీద రాయించి, ఉలిగమ్మ చేత వేలిముద్ర వేయించింది. "ఆఫీసులో అడిగేది అడుగుతానే ఉంటా. వాండ్లు చెప్పల్సిందే. కానీ వాండ్లు చెప్పేదాకా ఆయన్ని దారిలో నిలబెట్టను" అంది. శరీరం లేని వాళ్ళకు దర్భలతో బొమ్మ చేసి చేసే కర్మ ఒకటి ఉంది. కదిరి నుంచి పురోహితుణ్ణి పిలిపించి చేయించింది. బొట్టు తీయమని ఎవరో అంటే, "అది నేను చూసుకుంటాలే, నీకేం పని?" అందట.

ఆ కర్మలో పదోనాడు నేనూ జయలక్ష్మమ్మా పోయాం. కర్మ అయి, అందరూ భోజనాలకు కూర్చోకముందే ఆదెమ్మ ఇంట్లోకి పోయి రాగుల సంచీ, కొలిచే పడి తెచ్చింది. చేనులో తాను పండించిన రాగులే. నేరుగా పక్కింటి గడప ముందు నిలబడింది.

"అక్కా, చేట తే."

ఉలిగమ్మ తలుపు పట్టుకొని నిలబడింది. "నాకొద్దు పో. నేనెప్పుడడిగితినే?"

"రోజూ అడిగితివి."

"ఊరికే అంటి."

"తే అంటి గదా. ఆయన మీద బాకీ పెట్టి పంపించేదా?"

ఉలిగమ్మ లోపలికి పోయి చేట తెచ్చి రెండు చేతులతో పట్టుకుంది. ఆదెమ్మ పడి నింపింది. తలకొట్టి, అంటే పడి అంచుకు చదును చేసి, ఇచ్చిన రాగులను తలకొట్టే తిరిగి ఇవ్వొచ్చు, తప్పులేదు. ఆమె అలా చేయలేదు. గింజలు జారిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, పైన గోపురం వచ్చేదాకా పోసి, చేటలోకి వంచింది.

"ముట్టింది" అంది ఉలిగమ్మ.